‘మనది కుటుంబం లాంటిదే’ అంటే సరిపోదు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒక్క విషయం మీదే వచ్చాయి. మామూలు బడిలో ఇమడలేకపోయిన పిల్లల కోసం, బడివాళ్లే బయటికి పంపేసిన పిల్లల కోసం నడిచే చిన్న చిన్న కేంద్రాలు. అక్కడ భద్రత ఎలా, నడవడి నియమాలు ఎలా అని అడుగుతున్నారు. అలాంటి కేంద్రంలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు ఇతర కేంద్రాల పాలసీ కాగితాలు చదివిపెట్టడమే పనిగా ఉన్నదాన్ని కాబట్టి సంపాదకులు ఆ కట్టంతా తెచ్చి నా బల్ల మీద పడేశారు. ఉత్తరాలను కుదించాను. ఆనవాళ్లు తీసేశాను.

ప్రశ్న: మేము ముగ్గురు స్నేహితులం. 12 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఓ ఇరవై మంది కోసం అద్దె ఇంట్లో కేంద్రం మొదలుపెడుతున్నాం. తెలిసినవాళ్లు 60 పేజీల పాలసీ పుస్తకం ఇచ్చారు. పేరు మార్చి పెట్టుకున్నాం. నిజం చెప్పాలంటే మాది కుటుంబం లాంటి చోటు, అందరం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. ఇన్ని కాగితాలు అవసరమా?
— ముగ్గురిలో ఒకరు

జవాబు: ఆ 60 పేజీలూ అవసరం లేదు. కానీ మీరు చెప్పిన కారణానికి మాత్రం కాదు.

పేరు మార్చిన పుస్తకాలు నేను చాలానే చూశాను. ఒకదాంట్లో ఈతకొలను దగ్గర ఎవరు కాపలా ఉండాలో రెండు పేజీలు రాసి ఉంది. ఆ కేంద్రానికి ఈతకొలను కాదు కదా, పిల్లలు పరుగెత్తడానికి జాగా కూడా లేదు. అదే పుస్తకంలో, పిల్లలెవరైనా వచ్చి కష్టం చెబితే ఎవరికి తెలియజేయాలి అన్నచోట ‘నియమిత అధికారికి’ అని ఉంది. ఆ అధికారి ఎవరండీ అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మీ పుస్తకానికి చిన్న పరీక్ష పెట్టండి. ఈమధ్యే చేరిన డ్రైవర్‌నో, ఆయమ్మనో పిలిచి అడగండి. “రేపు పొద్దున ఒక పిల్లాడు మీ దగ్గరకొచ్చి ఇంట్లో నన్ను కొడుతున్నారు అంటే ఎవరికి చెబుతారు? ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరికి? పిల్లాడు చెప్పేది ఆ మనిషి గురించే అయితే ఎవరికి?” మూడింటికీ మూడు పేర్లు, మూడు ఫోన్ నంబర్లు తడుముకోకుండా వస్తే మీకు పాలసీ ఉంది. రాకపోతే 600 పేజీలున్నా లేదు. మూడో పేరు మీ ముగ్గురిలో ఎవరిదీ కాకూడదు. మీ జీతం మీద గానీ మీ స్నేహం మీద గానీ ఆధారపడని బయటి మనిషిది అయి ఉండాలి.

ఇక కుటుంబం మాట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు. పెద్ద స్కూల్లో కనీసం పక్క గదిలో వేరే టీచరుంటుంది, పై అధికారి ఉంటాడు, ఎవరో ఒకరు అడుగుతారు. మీలాంటి చోట వ్యవస్థాపకుడే ప్రిన్సిపాల్, ఆయనే లెక్కలు చూస్తాడు, సాయంత్రం ఆయనే వ్యాన్ నడుపుతాడు. ఆయన మీద ఫిర్యాదు వస్తే విచారించేదీ ఆయనే. చిన్న చోట ప్రమాదం తక్కువని ఎవరు చెప్పారో గానీ, అడిగేవాళ్లు లేనిచోట నియమాలు ఎక్కువే ఉండాలి.

పనిలోకి తీసుకునేటప్పుడు ‘మాకు తెలిసినవాడే’ అన్నమాట చెల్లదు. 2002లో ఇంగ్లండ్‌లోని సోహమ్ అనే ఊళ్లో ఇద్దరు పదేళ్ల అమ్మాయిలను చంపినవాడు ఒక స్కూలు కేర్‌టేకర్. అంతకుముందు వేరే పోలీసు పరిధిలో అతని మీద అమ్మాయిల విషయంలో ఒకటి కాదు, చాలా ఆరోపణలు వచ్చాయి. అతను రెండు ఇంటిపేర్లు వాడాడు. ఆ సమాచారం ఉద్యోగమిచ్చినవాళ్ల దాకా రానే లేదు. మైకేల్ బిచార్డ్ నాయకత్వంలో విచారణ జరిగి 2004లో నివేదిక వచ్చింది, 2006లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. పిల్లలతో పనిచేసేవాళ్లను ముందే తనిఖీ చేసే పద్ధతిని అలా తిరగరాశారు. మీరు చేయగలిగింది ఏమిటంటే, గుర్తింపు కాగితం అసలుది చూడండి. పాత పేర్లేమైనా ఉన్నాయా అని అడగండి. మీ దగ్గర చట్టప్రకారం చేయించగల పోలీసు తనిఖీ ఏదుంటే అది చేయించండి. ఉద్యోగాల మధ్య ఖాళీలుంటే ఆ రోజుల్లో ఏం చేశారో అడిగి రాసుకోండి. అభ్యర్థి చేతికిచ్చి పంపిన ‘మంచివాడు’ అనే ఉత్తరాన్ని పక్కనపెట్టి, పాత యజమానికి మీరే ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వేయండి: “ఈ మనిషిని మళ్లీ పిల్లల మధ్యకు తీసుకుంటారా?” అటువైపు వచ్చే మౌనం కొన్నిసార్లు ఉత్తరం కంటే ఎక్కువ చెబుతుంది. ఇదంతా టీచర్లకే కాదు. వలంటీరుకీ, డ్రైవరుకీ, వారానికోసారి వచ్చి తబలా నేర్పే మాస్టారికీ, మీ బావమరిదికీ.

హాజరు గురించి మీ పుస్తకంలో అరపేజీ కూడా ఉండదని నా అనుమానం. మీలాంటి కేంద్రంలో అన్నిటికంటే పెద్ద బొక్క అక్కడే. చాలామంది పిల్లల పేర్లు పాత బడి పట్టీలో అలాగే ఉంటాయి. ఆ బడివాళ్లు పిల్లాడు మీ దగ్గరున్నాడనుకుంటారు, మీరు ఇవాళ వాళ్ల దగ్గరికి వెళ్లాడేమో అనుకుంటారు, ఇంట్లోవాళ్లు బ్యాగు తీసుకుని బయల్దేరాడుగా అనుకుంటారు. పిల్లాడు మాత్రం ఎవరి దగ్గరా లేడు. అందుకని, మొదలైన అరగంటలోపు రానివాళ్ల ఇళ్లకు ఫోన్ వెళ్లాలి, ఎవరు చేయాలో పేరుతో రాసి ఉండాలి, ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికో అదీ ఉండాలి. పంపిన బడికి కూడా అదే రోజు తెలియాలి.

ఇంటి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక్క పిల్లతో ఒక్క పెద్ద కూర్చునే గది తలుపుకు అద్దం ముక్క పెట్టించండి. అద్దె ఇల్లయినా ఇంటాయన్ని ఒప్పించండి. బయటికి పోయే రెండో దారికి తాళం వేసి తాళంచెవి ఇంకెక్కడో పెట్టే అలవాటుంటే ఇవాళే మానండి.

ప్రశ్న: నేను వారానికి రెండు రోజులు వెళ్లి లెక్కలు చెప్పే వలంటీర్‌ని. 14 ఏళ్ల అమ్మాయి, “ఎవరికీ చెప్పనని ఒట్టేస్తే ఒకటి చెబుతాను” అంది. ఒట్టేశాను. తను చెప్పింది విన్నాక నిద్ర పట్టడం లేదు. మాట తప్పితే ఇంకెప్పుడూ ఎవర్నీ నమ్మదేమో.
— పేరు వద్దు

జవాబు: బాబూ, ముందు ఇది చదవడం ఆపి మీ కేంద్రంలో పిల్లల రక్షణ చూసేవాళ్లకు ఫోన్ చేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

చేశారా? సరే. ఆ ఒట్టు నిలబెట్టుకోవాల్సినది కాదు, ఆ సంగతి అమ్మాయికి మీరే చెప్పండి. చాటున చెప్పి ఆమెకు వేరే ఎవరి ద్వారానో తెలిస్తే అదీ అసలు నమ్మకద్రోహం. “నువ్వు చెప్పింది నా ఒక్కడి దగ్గర ఉంచుకుంటే నీకు సాయం చేయలేను. ఫలానా ఆవిడకు మాత్రమే చెబుతాను. ఊరందరికీ కాదు. తర్వాత ఏం జరుగుతుందో నీకు చెబుతూనే ఉంటాను” అనండి. చాలామంది పిల్లలు దీన్ని మీరు భయపడినంత ద్రోహంగా తీసుకోరు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలనే కదా అసలు నోరు విప్పింది.

ఇక ముందు ఎవరైనా ఒట్టు అడిగితే, వినకముందే చెప్పేయండి: నీకు గానీ ఇంకొకరికి గానీ హాని ఉందనిపిస్తే నేను దాచలేను అని. అప్పుడు చెప్పాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది.

వినేటప్పుడు మీ నోటి నుంచి జవాబు రాకూడదు. “నాన్న కొట్టాడా?” అని అడిగితే అవును అనడం తేలిక, కాదు అనడమూ తేలికే. రెండింట్లో ఏదీ ఆ పిల్ల మాట కాదు. “ఆ తర్వాత ఏమైంది?” “ఇంకేమైనా చెప్పాలనుందా?” చాలు. వివరాలు తవ్వొద్దు. దెబ్బలుంటే ఫోటోలు తీయొద్దు, బట్టలు తొలగించి చూపించమని అసలే అడగొద్దు. పిల్ల ఎవరి పేరు చెప్పిందో వాళ్లను పిలిచి నిలదీయొద్దు. ఇక్కడే చాలామంది మంచివాళ్లు దెబ్బతింటారు. కోపంతో ఇంటికి ఫోన్ చేస్తారు, ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. విచారణ మీ పని కాదు, దానికి వేరే వ్యవస్థ ఉంది.

అదే రోజు కాగితం మీద పెట్టండి. తేదీ, సమయం, ఎక్కడ, ఇంకెవరున్నారు, ఆమె అన్న మాటలు అన్నట్టే. ఆమె మోటు మాట వాడి ఉంటే ఆ మోటు మాటే రాయండి, మర్యాదగా మార్చొద్దు. మీరు అనుకున్నది రాయాలనిపిస్తే అది మీ అనుమానమని వేరుగా రాయండి. సంతకం పెట్టి ఇవ్వండి. ఇంట్లో నకలు దాచుకోవద్దు, ఫోన్లో అసలే వద్దు.

ఇలాంటిది విన్నవాడికి కూడా ఎవరో ఒకరు కావాలి. పేర్లేవీ లేకుండా మీ మనసు సంగతి ఆ బాధ్యురాలితోనే మాట్లాడండి. మీకు నిద్ర పట్టకపోవడం తప్పేమీ కాదు.

ప్రశ్న: మా కేంద్రంలో ఒక అబ్బాయి నెలలో రెండుసార్లు కుర్చీ విసిరాడు. రెండోసారి నేను వెనకనుంచి పట్టుకున్నాను. అలా పట్టుకోవచ్చా? మా సహోద్యోగి “ఇలాంటివాణ్ని పంపించేస్తేనే మిగతావాళ్లకు బుద్ధొస్తుంది” అంటున్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.
— ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: మీ సహోద్యోగికి నా తరఫున ఒక్కమాట చెప్పండి. ఆ అబ్బాయిని ఒక బడి ఇప్పటికే పంపించేసింది, అందుకే మీ దగ్గరున్నాడు. బుద్ధి రావలసింది అప్పుడే వచ్చి ఉండాలిగా? పంపించేయడం అనే శిక్ష అతనికి బాగా అలవాటైన పాట. కొందరు పిల్లలు కావాలనే తొందరపెడతారు కూడా. ఎలాగూ గెంటేస్తారుగా, ఆ గెంటేదేదో ఇవాళే అయిపోనీ అని.

తప్పు చిన్నదైనా పెద్దదైనా తప్పించుకోలేని ఒకే శిక్ష అనే పద్ధతిని అమెరికాలో ‘జీరో టాలరెన్స్’ పేరుతో చాలా బళ్లు పట్టుకున్నాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వేసిన కమిటీ ఆ అనుభవాన్నంతా తిరగేసి 2008లో నివేదిక ఇచ్చింది. దానివల్ల బళ్లు మరింత సురక్షితమయ్యాయని చెప్పే ఆధారం దొరకలేదని తేల్చింది. అంటే ఏం చేసినా ఊరుకోమని కాదు. కత్తి తెస్తే, మత్తు మందు అమ్మితే, ఇంకో పిల్లమీద లైంగికంగా చెయ్యి వేస్తే అది వేరే దారి, అక్కడ బేరాలు లేవు. కుర్చీ ఆ జాబితాలోది కాదు.

పట్టుకోవడం గురించి. అప్పటికప్పుడు ఎవరికైనా దెబ్బ తగలబోతుంటే, ఇంకే దారీ లేకపోతే, అవసరమైనంత బలంతో, అవసరమైన కొద్దిసేపు మాత్రమే. మాట వినలేదని, గదిలోంచి వెళ్లనన్నాడని, వస్తువు పగలగొట్టాడని కాదు. వస్తువులు మళ్లీ కొనుక్కోవచ్చు. బోర్లా పడేసి అదమడం మాత్రం ఎప్పుడూ, ఏ కారణానికీ వద్దు. ఛాతీ మీద, వీపు మీద బరువు పడితే పిల్లాడికి ఊపిరి ఆడదు. పెనుగులాడుతున్నాడని మీరు ఇంకా గట్టిగా పట్టుకుంటారు, అతను పెనుగులాడేది గాలి కోసం. అలా ప్రాణాలు పోయిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. మెడ దగ్గరికి చెయ్యే పోకూడదు. వెనకనుంచి పట్టుకోవడం కూడా, ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లాడికి ఎలా అనిపిస్తుందో ఊహించండి. మీ కేంద్రంలో ఒకరిద్దరికైనా దీనిమీద సరైన శిక్షణ ఇప్పించమని పట్టుబట్టండి. పట్టుకున్న ప్రతిసారీ ఆ రోజే రాయాలి, ఇంటికి ఆ రోజే చెప్పాలి, పిల్లాడి మాట కూడా అందులో ఉండాలి.

చాలాసార్లు దీనికంటే తేలికైన పని ఒకటుంది. కోపంగా ఉన్నవాణ్ని బయటికి పంపాలని చూడకండి, మిగతా పిల్లల్ని బయటికి తీసుకెళ్లండి. చూసేవాళ్లు లేకపోతే సగం కోపం దిగుతుంది. మీరు తెలుసుకోవలసిన రెండో సంగతి ఇంకోటుంది. రెండుసార్లూ ఏ రోజు, ఏ సమయం, ఏ పాఠం, పక్కన ఎవరు? ఆ ఉత్తరంలో మీరు రాయలేదు గానీ రెండూ సోమవారాలైతే నేను ఆశ్చర్యపోను. ఆదివారం ఎవరింట్లో గడిపి వస్తున్నాడో అడగండి. అందరికీ ఉండే నియమాలు ఒక పక్కన ఉంచి, ఈ అబ్బాయికి ఒక్క పేజీ వేరే రాయండి. ఏది రెచ్చగొడుతుంది, ముందు ఏ గుర్తులు కనిపిస్తాయి, ఎవరి మాట వింటాడు, ఎక్కడికి వెళ్లి కూర్చోవచ్చు. అతన్ని కూర్చోబెట్టుకునే రాయండి.

కుర్చీ తగలబోయిన పిల్లకు మాత్రం బాకీ ఉంది. 1974లో కెనడాలోని ఎల్‌మైరాలో ఇద్దరు కుర్రాళ్లు తాగి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. వాళ్లను చూసే ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ, ఒక్కొక్క బాధితుడి గుమ్మానికి వాళ్లను తీసుకెళ్లి మాట్లాడించాడు, నష్టం కట్టించారు. శిక్ష కంటే జరిగిన నష్టాన్ని సరిచేయడం ముఖ్యమంటూ ఇప్పుడు బళ్లలో ‘రెస్టోరేటివ్’ అని జరిపే సమావేశాలకు అది తొలి అడుగుల్లో ఒకటి. మీరూ ప్రయత్నించండి, కానీ దెబ్బ తగలబోయిన పిల్ల ఇష్టపడితేనే. ‘సారీ చెప్పాడుగా, క్షమించు’ అని ఆ పిల్లను ఒత్తిడి చేసే సమావేశాలు నేను చూశాను, వాటికంటే అసలు పెట్టకపోవడమే నయం. లైంగిక వేధింపుల విషయంలో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం అనే ఆలోచనే రానివ్వకండి.

ప్రశ్న: మా అబ్బాయిని ఒక ప్రత్యామ్నాయ కేంద్రంలో చేర్చాలనుకుంటున్నాం. ఒక్కసారి చూడటానికి రమ్మన్నారు. ఆ గంటలో ఏం గమనించాలి?
— ఒక తండ్రి

జవాబు: గోడల మీద బొమ్మలు చూడొద్దండీ. అవి అందరి దగ్గరా బాగానే ఉంటాయి. ఘటనల పుస్తకం ఉందా అని అడగండి. ఇతర పిల్లల పేర్లుంటాయి కాబట్టి మీకు చదవడానికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ ఉందా, చివరిసారి ఎప్పుడు రాశారు అని అడగొచ్చు. ‘మా దగ్గర అలాంటివి జరగవండీ’ అని నవ్వితే బయల్దేరిపోండి. కౌమారంలో ఉన్న పిల్లలు ఇరవై మంది ఉన్నచోట ఏడాదంతా ఏమీ జరగలేదంటే ఏమీ రాయలేదని అర్థం. ఏడాది మధ్యలో ఎంతమంది మానేశారు, ఎందుకు అని అడగండి. ఫిర్యాదు చేయాలంటే ఎవరికి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుంది అని అడగండి. మీవాడికి మూర్ఛ గానీ, తీవ్రమైన అలర్జీ గానీ ఉంటే ఆఫీసు గదిలో కాకుండా తరగతి టీచర్నే అడగండి: ఫిట్స్ వస్తే ఏం చేస్తారు? చేతులు కాళ్లు పట్టుకుంటాం, నోట్లో ఏదో పెడతాం అంటే వాళ్లకు తెలియదన్నమాట. తల కింద మెత్తటిది పెట్టి, చుట్టూ ఉన్నవి జరిపి, గడియారం చూసి, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలుస్తాం, ఆగాక పక్కకు తిప్పి పడుకోబెడతాం అంటే మీవాణ్ని అక్కడ వదలొచ్చు.

ప్రశ్న: నాకు 16. మా సెంటర్లో అంతా స్వేచ్ఛ అంటారు. కానీ పొద్దున్నే మా ఫోన్లు తీసేసుకుంటారు. టీచర్లు మాత్రం మా ఫోటోలు తీసి సెంటర్ పేజీలో పెడతారు. “ఒకప్పుడు బడి మానేసిన ఈ అమ్మాయి ఇప్పుడు చూడండి” అని నా ఫోటో పెట్టారు. మా పాత స్కూలు వాళ్లంతా చూశారు. రూల్స్ మాకేనా?
— కోపంగా ఉన్నదాన్ని

జవాబు: అమ్మాయీ, ‘నువ్వు’ అంటున్నాను, ఏమీ అనుకోకు. నీ కోపం సరైనదే.

ఆ ఫోటో తీసేయమని అడిగే హక్కు నీకుంది. చేరినప్పుడు మీ అమ్మో నాన్నో సంతకం పెట్టిన పెద్ద కాగితంలో ఎక్కడో ‘ఫోటోలకు సమ్మతి’ అని ఉండే ఉంటుంది, అది చూపిస్తారు. చూపించినా సరే. ఫోటోకు సమ్మతి వేరుగా అడగాలి, దేనికి వాడతారో చెప్పాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోనివ్వాలి. నువ్వు ఎందుకు అక్కడ చదువుతున్నావన్నది నీ సొంత సంగతి. విరాళాల కోసం దాన్ని బయటపెట్టడం మర్యాద కాదు. టీచర్లు సొంత ఫోన్లతో తీస్తుంటే అది ఇంకో తప్పు. ఫోటోలు సెంటర్ పరికరంతోనే తీయాలి, సెంటర్ దగ్గరే ఉండాలి.

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది. దాని 12వ అధికరణం, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయాన్ని వయసుకూ పరిణతికీ తగ్గ విలువనిచ్చి వినాలంటుంది. 28వది, బడిలో క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగ్గట్టు ఉండాలంటుంది. ఎ.ఎస్. నీల్ అనే విద్యావేత్త 1921లో మొదలుపెట్టిన, ఇంగ్లండ్‌లోని సమ్మర్‌హిల్ బడిలోనైతే నియమాలు పెట్టే సభలో పిల్లలకూ పెద్దలకూ తలా ఒక్క ఓటే. ఇవి రాసుకెళ్లి మీ వాళ్ల ముందు పెట్టు. ఫోన్ నియమం మీతో కూర్చుని రాయమను. అది అందుకు పనికొచ్చే నియమమే.

అయితే ఒక సంగతి. అన్నీ ఓటుకు పెట్టేవి కావు. మంటలొస్తే ఏ దారిన పోవాలి, పిల్లతో ఒంటరిగా ఎవరు ఉండొచ్చు, రహస్యం ఎప్పుడు దాచకూడదు లాంటివి మెజారిటీతో మార్చకూడదు. నువ్వు మీ సభకు అధ్యక్షురాలివైనా సరే.

ప్రశ్న: మా కేంద్రం పెట్టినాయన్ని అందరూ దేవుడిలా చూస్తారు. ఎందరో పిల్లల్ని నిలబెట్టిన మాట నిజం. ఈమధ్య ఒకే అబ్బాయిని రోజూ తన కార్లో ఒంటరిగా దింపుతున్నారు. ఖరీదైన బూట్లు కొనిచ్చారు. రాత్రి 11కి కూడా మెసేజ్‌లు నడుస్తున్నాయని ఆ అబ్బాయే చెప్పాడు. తప్పు అనదగ్గది ఏదీ నేను చూడలేదు. అడిగితే కృతఘ్నురాలినవుతానా?
— పదేళ్లుగా అక్కడ పనిచేస్తున్నదాన్ని

జవాబు: అమ్మా, మీరు చూసినవి మూడు. కారు, కానుక, అర్ధరాత్రి మెసేజ్. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతిదానికీ మంచి సంజాయిషీ దొరుకుతుంది. పిల్లలకు హాని చేయాలనుకునేవాడు మొదలుపెట్టేదీ సరిగ్గా ఇలాగే. ఒకణ్ని ఎంచుకుంటాడు, ప్రత్యేకంగా చూస్తాడు, ఇద్దరికే తెలిసిన సంగతులు పెంచుతాడు, చుట్టూ ఉన్న పెద్దల్ని కూడా నమ్మిస్తాడు. ఆయన అలాంటివాడని నేననను. నాకూ తెలియదు, మీకూ తెలియదు. అందుకే తేల్చుకోవడం మీ మీద వేసుకోకండి. “ఆయన తప్పు చేశాడు” అనక్కర్లేదు, “ఫలానా తేదీన ఇది చూశాను, మన నియమాల ప్రకారం ఇది జరగకూడదు” అంటే చాలు. నడవడి నియమాల్లో, ఒంటరిగా కార్లో తీసుకెళ్లకూడదు, కానుకలు అందరికీ తెలిసేలా తప్ప ఇవ్వకూడదు, పిల్లలతో సొంత నంబరు నుంచి మాట్లాడకూడదు అని రాసేది ఇందుకే. నిజాయితీపరుణ్ని కూడా ఆ గీతే కాపాడుతుంది.

ఎవరికి చెప్పాలంటే, ఆయనకు మాత్రం కాదు. ట్రస్టు సభ్యుల్లో ఆయన చుట్టం కానివాళ్లకు, లేదా పిల్లల్ని పంపుతున్న బడిలో రక్షణ బాధ్యతలున్నవాళ్లకు. వాళ్లు దులిపేసుకుంటే నేరుగా ప్రభుత్వ బాలల రక్షణ విభాగానికి. రాతపూర్వకంగా ఇవ్వండి, ఎప్పుడు ఎవరికిచ్చారో రాసుకోండి.

1993 మార్చిలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ బే దగ్గర పడవ విహారానికి వెళ్లిన విద్యార్థుల్లో నలుగురు సముద్రంలో చనిపోయారు. ఆ సాహస కేంద్రంలో భద్రత సరిగా లేదని, అంతకుముందే అక్కడ పని మానేసిన శిక్షకులు యాజమాన్యానికి ఉత్తరం రాశారు. ఉత్తరం అందింది, చదివారు, పక్కన పెట్టారు. తర్వాత దాని యజమాని జైలుకు వెళ్లాడు, 1995లో అలాంటి కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ ఉత్తరం రాసినవాళ్లను ఎవరూ కృతఘ్నులనలేదు. అడగాల్సింది, ఉత్తరం అందుకున్నవాళ్లను. అందుకని మీరిచ్చే కాగితానికి జవాబు ఏ తేదీలోగా కావాలో కూడా అందులోనే రాయండి.

ప్రశ్న: ఫైర్ డ్రిల్ పెడితే పెద్దపిల్లలు నవ్వుతూ నడుస్తారు. ఆటిజం ఉన్న ఒక పిల్లాడు అలారం మోతకు బల్లకింద దూరి బయటికి రాడు. మానేయమంటారా?
— కేంద్రం సమన్వయకర్త

జవాబు: మానొద్దు. ఆ పిల్లాడికి ముందు రోజు చెప్పండి, మోత రికార్డు చేసి తక్కువ శబ్దంతో వినిపించి అలవాటు చేయండి, చెవులకు పెట్టుకునేవి తలుపు దగ్గరే వేలాడదీయండి. అతన్ని తీసుకొచ్చే పని ఎవరిదో పేరుతో పెట్టండి, ఆ మనిషి రాని రోజుకు ఇంకో పేరు. నడక అలవాటయ్యాక చెప్పకుండా ఒకటి పెట్టండి. నిజం మంట ముందుగా చెప్పి రాదు కదా. పెద్దపిల్లల నవ్వు పెద్ద విషయం కాదు, నవ్వుతూనే బయటికి రానీయండి. నేను చూసిన డ్రిల్స్‌లో ఎక్కువగా తేలేది వేరే లోపం. అందరూ బయటికొచ్చి నిలబడ్డాక తెలుస్తుంది, హాజరు పట్టీ లోపలే ఉండిపోయిందని. అది ఎవరు పట్టుకొస్తారో ఇవాళే తేల్చండి. ఆ రోజు వచ్చి వెళ్లే వలంటీర్ల పేర్లు కూడా అందులో ఉండాలి.